సౌనా చల్లారేలోపు

నవంబరు శనివారం. నాలుగింటికే చీకటి.
సౌనా రాళ్ళ మీద చివరి చెంబు పోసి,
ఒళ్ళు తుడుచుకుని, బూట్లు తొడుక్కున్నాను.
బానలో ఇంకా సగం వేడినీళ్ళున్నాయి.
అవి ఇవాళ మనుషులకు కాదు.

కోళ్ళను కొయ్యెక్కాకే పట్టుకోవాలి.
చీకట్లో కోడి గోల పెట్టదు,
పట్టుకున్న చేతిని కూడా రాత్రే అనుకుంటుంది.
ముందు ముసలిదాన్ని దించాను, బూడిదరంగుది.
ప్రోవా అని పిలుస్తాను. అంటే దొరసాని.
చంకలో చిన్న గుమ్మడికాయంత బరువు,
లోపల గుండె మాత్రం
గడియారాలు బాగుచేసేవాడి కొట్టంత హడావుడి.

దీపం కింద కాళ్ళు చూశాను.
గాలివాన తర్వాత మా చెక్కపెంకుల కప్పులా
ఒక్కో పొలుసూ పైకి లేచి ఉంది.
కిందంతా సున్నం లాంటి పొక్కు.
కంటికి ఆనని పురుగు అక్కడ కాపురం పెట్టింది.
అద్దె లేదు, కిటికీ లేదు,
ఎన్ని తరాలుగానో ఏమో.

సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో ముంచాను.
మొదట తన్నింది.
తర్వాత వేళ్ళు విప్పింది.
తర్వాత, నమ్మితే నమ్మండి, కళ్ళు మూసుకుంది.
ముప్ఫై ఏళ్ళు ఈ దీవిలో ఉత్తరాలు పంచినదాన్ని.
ఇంతసేపు ఎవరి గుమ్మం ముందూ కదలకుండా నిలబడలేదు.

పళ్ళ బ్రష్షు మొన్నటిదాకా నాదే.
పైనుంచి కిందికి, పొలుసు వాలు వెంట.
ఎదురు గీకితే నెత్తురు.
లేచిన పెచ్చును గోటితో పీకబుద్ధేస్తుంది.
పీకకూడదు. దాని వేళకు అదే రాలుతుంది.
ఈ మాట పదకొండేళ్ళ క్రితం
ఎవరైనా నాకు చెప్పి ఉండాల్సింది.

ఒత్తి తుడిచి, ఆరనిచ్చి, వాజలిన్.
రొట్టెకు వెన్న రాసినట్టు కాదు,
చలికాలం కిటికీ సందుల్లో గుడ్డ కూరినట్టు.
పురుగుకి ఊపిరి సలపకూడదు.

ఒకటి, రెండు, నాలుగు, ఏడు.
నావి ఏడే.
కొయ్య చివర ఎనిమిదోది కూర్చుని ఉంది.
ఎర్రది. కాలికి నీలం రింగు.
ఎండెల్ కోడి.
కంచె కింద గోతిని ఆకులు కప్పేస్తే
నేను గమనించనే లేదు.

ఆ కంచెకు అటువైపుతో పదకొండేళ్ళుగా మాటల్లేవు.
ఒక పడవ ఇంజను, ఒక అప్పు లెక్క,
ఆయన ఒక మాట మింగాడు, నేను ఒక మాట మిగల్చలేదు.
పురుగుకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

రింగు కింద చూశాను. ప్రోవా కంటే అధ్వానం.
నావాటికి ఎంత రాసినా
అటు గూడు అలాగే ఉంటే
మూడు వారాల్లో మళ్ళీ మొదటికే.
ఒక్క పెరడుకి వైద్యం లేదు.

ఎర్రదాన్ని చంకలో పెట్టుకుని,
వాజలిన్ డబ్బా కోటు జేబులో వేసుకుని,
కంచె దాటలేదు. ఆ వయసు పోయింది.
రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాను.

తలుపు తీశాడు. కాళ్ళకు రెండు రంగుల మేజోళ్ళు.
"కాళ్ళ పురుగు," అన్నాను.
పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట అది.
ఆయన నన్ను కాకుండా కోడిని చూశాడు.
చాలాసేపు చూశాడు.
"మీ సౌనా ఇంకా వేడిగా ఉందా?"

గంపలో రెండేసి చొప్పున తెచ్చాడు.
మొత్తం తొమ్మిది, ఒక పుంజు.
పుంజు మా ఇద్దరినీ గీరింది, పక్షపాతం చూపలేదు.
ఆయన పట్టుకున్నాడు, నేను తోమాను.
బాన అడుగున పొలుసులు,
చేపలు శుభ్రం చేసిన రోజులా.

"వచ్చే శనివారం మళ్ళీ," అన్నాను.
"ఎన్ని శనివారాలు?"
"నాలుగు. కొయ్యలకు నూనె కూడా పూయాలి."
అవిసె నూనె తన దగ్గరుందన్నాడు.
కొత్త పొలుసు రావడానికి ఏడాది పడుతుందని చెప్పాను.
తలూపాడు, ఏడాది అంటే ఏమిటో తెలిసినవాడిలా.

నీళ్ళు చల్లబడుతున్నాయి.
ఆఖరి కోడి నా ఒళ్ళోకి చేరుతుండగా
గొంతు సవరించుకున్నాడు.
"మాయ్‌ము, ఆ ఇంజను సంగతి..."

"కాలు సరిగ్గా పట్టుకో," అన్నాను.